ఆక్సిజన్ సెన్సార్ మార్చాక కూడా అదే కోడ్ వస్తోందంటే

చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0171 చూపించింది, అంటే మిక్చర్ లీన్‌గా (గాలికి తగినంత పెట్రోలు లేకుండా) ఉందని. ముందువైపు (పొగ గొట్టంలో, పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందుండే) ఆక్సిజన్ సెన్సార్ పోయిందని కొత్తది వేశారు. వారం తిరక్కుండా అదే లైటు, అదే కోడ్. ఇప్పుడు వెనక సెన్సార్ కూడా మార్చాలంటున్నారు. అసలు ఈ సెన్సార్ చేసే పనేమిటి, కొత్తది కూడా అప్పుడే పాడైపోతుందా అన్నది మీ ప్రశ్న.

వెనక సెన్సార్ మార్పించకండి. ఆ కోడ్‌కూ వెనక సెన్సార్‌కూ దాదాపు సంబంధం లేదు. తీసేసిన ముందు సెన్సార్ కూడా బాగానే ఉండి ఉంటుందని నా అనుమానం. ఇరవై ఏళ్లకు పైగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల మీదే పనిచేస్తున్నాను. అనవసరంగా మార్చేసిన పార్టుల్లో నేను ఎక్కువసార్లు చూసింది ఈ సెన్సార్‌నే. ‘లీన్’ అన్న కబురు తెచ్చింది సెన్సార్ కాబట్టి తప్పు కూడా దానిదేననుకుంటారు. ఆ కబురు అది ఎలా తెస్తుందో తెలిస్తే ఈ పొరపాటు జరగదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఈ సెన్సార్‌కు పెట్రోలు గురించి ఏమీ తెలియదు. సిలిండర్‌లోకి ఎంత పెట్రోలు పోయిందో, ఎంత గాలి పోయిందో దానికి కనిపించదు. అది రెండు వైపులా ఉన్న ఆక్సిజన్‌ను పోల్చి చూస్తుంది. ఒకవైపు మనం పీల్చే గాలి, ఇంకోవైపు ఇంజన్ నుంచి వచ్చే పొగ. ఆ రెండింటి మధ్య తేడాను కరెంటు భాషలో చెబుతుంది.

బయటికి చూస్తే స్పార్క్ ప్లగ్గులా ఉంటుంది. లోపల జిర్కోనియం డయాక్సైడ్ అనే పింగాణీ పదార్థంతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది, ఒక చివర మూసి, వేలికి పెట్టుకునే తొడుగులాగా. కొత్త రకాల్లో గొట్టానికి బదులు పల్చటి పట్టీ వాడుతున్నారు కానీ సూత్రం అదే. ఆ పింగాణీలో కాస్త యిట్రియం ఆక్సైడ్ కలుపుతారు. అది కలవడం వల్ల లోపల అక్కడక్కడా ఆక్సిజన్ ఉండాల్సిన చోట్లు ఖాళీగా మిగులుతాయి. బాగా వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయాన్లు ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీలోకి గెంతుతూ పింగాణీ గుండా కదలగలుగుతాయి. గొట్టం లోపలా బయటా చిల్లులున్న పల్చటి ప్లాటినం పూత ఉంటుంది. బయటి పూతకు పొగ తగులుతుంది, లోపలి పూతకు మామూలు గాలి. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. పొగలో చాలా తక్కువ. ఆక్సిజన్ ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు అయాన్లు పోవాలని చూస్తాయి. అవి తమతో పాటు విద్యుదావేశాన్ని కూడా మోసుకుపోతాయి కాబట్టి రెండు ప్లాటినం పూతల మధ్య వోల్టేజ్ పుడుతుంది. సెన్సార్ అంటే నిజానికి ఒక చిన్న బ్యాటరీ.

ఈ వోల్టేజ్ ఎంతో లెక్కగట్టే సూత్రం వాల్తర్ నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్తది. ఆయనకు 1920 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటుంది. 1897 ప్రాంతంలో ఆయన ఇదే జిర్కోనియా, యిట్రియా మిశ్రమంతో ఒక విద్యుత్ దీపం చేశాడు. చల్లగా ఉంటే ఆ మిశ్రమంతో చేసిన కడ్డీలో కరెంటు పారదు, అందుకే ముందు వేరే దానితో వేడిచేయాలి. మన సెన్సార్‌కు హీటర్ ఎందుకుందో ఆ దీపమే చెబుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే తప్ప ఈ పింగాణీ నిద్ర లేవదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ సూత్రం ప్రకారం 727 డిగ్రీల దగ్గర లెక్క వేసి చూద్దాం. పొగలో 5 శాతం ఆక్సిజన్ ఉంటే వోల్టేజ్ 0.03 వోల్టులు. 1 శాతం ఉంటే 0.066. ఆక్సిజన్ ఐదో వంతుకు పడిపోయినా వోల్టేజ్‌లో పెద్ద మార్పు లేదు, రెండూ సున్నా పక్కనే ఉన్నాయి. కానీ పెట్రోలు కొంచెం ఎక్కువై మిక్చర్ రిచ్ అయిందనుకోండి. పొగలో మిగిలిన కాస్త ఆక్సిజన్‌ను ప్లాటినం పూత అక్కడికక్కడే కార్బన్ మోనాక్సైడ్‌తోనూ, కాలని ఇంధనంతోనూ కలిపేస్తుంది. ఇక ఆ ఉపరితలం మీద మిగిలే ఆక్సిజన్ ఒక శాతంలో కోటానుకోట్ల వంతు కూడా ఉండదు. దశాంశ బిందువు తర్వాత పదిహేడు సున్నాలు పెట్టి ఒకటి రాస్తే వచ్చేన్ని అట్మాస్ఫియర్ల పీడనం. అప్పుడు వోల్టేజ్ ఒక్కసారిగా 0.86కు ఎగురుతుంది. మధ్యలో మెట్లు లేవు, అటో ఇటో గెంతడమే. ఆ గెంతు మధ్యలో ఉండే 0.45 వోల్టును గీతగా పెట్టుకుని, పైనుంటే రిచ్, కిందుంటే లీన్ అని ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ చదువుకుంటుంది.

అంటే మామూలు సెన్సార్ త్రాసు ముల్లులాంటిది. ఎటు మొగ్గిందో చెబుతుంది, ఎంత బరువు తేడానో చెప్పదు. 0.1 వోల్టు చూపిస్తే లీన్ అని మాత్రమే అర్థం. కొంచెం లీనా, ప్రమాదకరంగా లీనా అన్నది ఆ అంకెలో లేదు. స్కానర్‌లో 0.1 కనిపించగానే ‘చాలా లీన్’ అని కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను, అందుకే ఇది నొక్కి చెబుతున్నాను.

ఆ గెంతు ఎక్కడ వస్తుందంటే, గాలి, పెట్రోలు ఒకదానికొకటి సరిగ్గా సరిపోయే చోట. మామూలు పెట్రోలుకు బరువు లెక్కన 14.7 పాళ్లు గాలికి ఒక పాలు పెట్రోలు. దీన్నే లాంబ్డా 1 అంటారు. 10 శాతం ఇథనాల్ కలిస్తే ఈ నిష్పత్తి సుమారు 14.1కి దిగుతుంది. కానీ సెన్సార్ చూసేది మిగిలిన ఆక్సిజన్‌నే కాబట్టి గెంతు మాత్రం అదే లాంబ్డా 1 దగ్గర వస్తుంది. ఏ పెట్రోలు పోసినా అది తన పని తాను చేసుకుపోతుంది.

సరిగ్గా లాంబ్డా 1 దగ్గరే నిలబెట్టాలన్న పట్టుదల కాటలిటిక్ కన్వర్టర్ కోసం. అది ఒకేసారి రెండు విరుద్ధమైన పనులు చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌నూ, కాలని ఇంధనాన్నీ ఆక్సిజన్‌తో కలపాలి, నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను విడదీయాలి. ఈ రెండూ బాగా జరిగే చోటు లాంబ్డా 1 చుట్టూ ఉన్న చాలా సన్నని సందు. మనిషి చేత్తో స్క్రూ తిప్పి ఇంజన్‌ను ఆ సందులో నిలపలేడు. అందుకే బాష్ కంపెనీ ఈ సెన్సార్‌ను తయారుచేస్తే, 1976లో అమెరికా మార్కెట్ కోసం వోల్వో కార్లలో తొలిసారిగా వచ్చింది.

ఇంజన్ వేడెక్కాక జరిగేదిది. సెన్సార్ లీన్ అంటుంది, కంప్యూటర్ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను కాస్త ఎక్కువసేపు తెరుస్తుంది. కొద్దిసేపటికి సెన్సార్ రిచ్ అంటుంది, కంప్యూటర్ తగ్గిస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న బండిలో ముందు సెన్సార్ వోల్టేజ్ ఒకచోట నిలవదు, 0.1 నుంచి 0.9 దాకా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగడాన్ని చూసి సెన్సార్ పాడైందనుకోవద్దు. ఊగకపోతేనే ఆలోచించాలి.

ఇలా పెంచిన, తగ్గించిన లెక్కను కంప్యూటర్ శాతాల్లో రాసి పెట్టుకుంటుంది. దాన్నే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్, నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది లాంగ్ టర్మ్. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపుంటే సాధారణంగా ఫర్వాలేదు. మీ బండిలో ఇది ఎక్కడో పాతిక దగ్గరికి పోయి ఉంటుంది. ‘నేను పాతిక శాతం పెట్రోలు పెంచినా సెన్సార్ ఇంకా లీన్ అంటోంది, ఇక నా వల్ల కాదు’ అని కంప్యూటర్ చేతులెత్తేయడమే పి0171. ఆ కోడ్‌లో సెన్సార్ పాడైందన్న మాట ఎక్కడా లేదు.

మరి లీన్ అని ఎందుకంటోంది? నిజంగానే లీన్‌గా ఉండి ఉండొచ్చు. సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరో, చీలిన వాక్యూమ్ పైపు దగ్గరో లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుండొచ్చు. గాలిని కొలిచే సెన్సార్ మీద దుమ్ము పేరుకుని తక్కువ చూపిస్తుండొచ్చు. ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు, ఇంజెక్టర్లు మూసుకుపోతుండొచ్చు. ఇవి అందరూ చెప్పేవే.

చాలామంది మరిచిపోయేవి ఇంకో రెండున్నాయి. ఒకటి మిస్సింగ్. ఒక సిలిండర్‌లో స్పార్క్ రాలేదనుకోండి, అందులోని పెట్రోలు కాలకుండా బయటికొస్తుంది. చాలామంది అప్పుడు సెన్సార్ రిచ్ చూపించాలి కదా అంటారు. కానీ ఆ సిలిండర్‌లోని గాలి కూడా వాడకుండా అలాగే బయటికొచ్చింది. సెన్సార్ చూసేది ఆక్సిజన్‌ను కాబట్టి లీన్ అంటుంది. కంప్యూటర్ అది నమ్మి బాగున్న సిలిండర్లకు కూడా పెట్రోలు పెంచుతుంది. మైలేజ్ పడిపోతుంది, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తుంది, కోడ్ మాత్రం లీన్ అని ఉంటుంది. అసలు లోపం ఒక ప్లగ్గుదో కాయిల్‌దో.

రెండోది సెన్సార్ కంటే ముందు పొగ లీక్ కావడం. పొగ బయటికి పోతే లోపలికి గాలి ఎలా వస్తుందని అడుగుతారు. పొగ ఒకే ధారగా రాదు, దెబ్బ దెబ్బగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తగ్గుతుంది, ఆ క్షణంలో పగులు గాలిని లోపలికి పీలుస్తుంది. ఒకసారి వేరే చోట రెండు సెన్సార్లు మార్చిన బండి నా దగ్గరికి వచ్చింది. రెండూ కొత్తవే, రెండూ బాగానే ఉన్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ ఒక మూల కాలిపోయి, పక్కన వెంట్రుక మందంలో నల్లటి మసి గీత కనిపించింది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కుమని చిన్న చప్పుడు వచ్చేది, వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆగిపోయేది. గాస్కెట్ మార్చాక కోడ్ మళ్లీ రాలేదు. ఆ యజమాని పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ బండిలో ఏది జరుగుతోందో తేల్చుకోవడానికి ముందు రెండు అంకెలు కావాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) రెండు ట్రిమ్‌లూ చూసి కలపండి. తర్వాత 2500 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి మళ్లీ చూడండి. ఐడిల్‌లో ఎక్కువుండి రేస్ చేస్తే బాగా తగ్గిందంటే దొంగగాలి పోతున్నట్టే. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద వాటా అవుతుంది, ఆర్‌పీఎమ్ పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. ఎగ్జాస్ట్ లీకు కూడా చాలాసార్లు ఇలాగే కనిపిస్తుంది కాబట్టి రెండూ వెతకాలి. దానికి భిన్నంగా ఐడిల్‌లో ఫర్వాలేకుండా ఉండి, రోడ్డు మీద లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ ఎక్కుతుంటే పెట్రోలు ప్రెజర్ కొలిపించండి, గాలి సెన్సార్ చూపించండి.

ఇక సెన్సార్ సంగతి. అది బతికుందో లేదో తెలుసుకోవడానికి విప్పాల్సిన పనిలేదు. స్కానర్‌లో ముందు సెన్సార్ గ్రాఫ్ పెట్టి, ఐడిల్‌లో ఒక వాక్యూమ్ పైపు లాగండి. వోల్టేజ్ వెంటనే 0.1 వైపు పడాలి. పైపు పెట్టేసి, యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. క్షణంలో 0.8 దాటాలి. రెండు వైపులా చురుగ్గా కదిలిందంటే సెన్సార్ నిజమే చెబుతోంది, కారణం ఇంకెక్కడో ఉంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇది చేయకుండా సెన్సార్ విప్పడం నాకు అస్సలు నచ్చదు.

ఒక జాగ్రత్త. ఈ 0.1, 0.9 లెక్కలు మామూలు సెన్సార్‌కే. ఈమధ్య వచ్చిన చాలా బండ్లలో ముందువైపు వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఉంటోంది, చాలావాటికి ఐదారు వైర్లుంటాయి. అందులో పింగాణీ గడి ఒకటి కొలిస్తే, ఇంకొకటి పంపులా పనిచేస్తుంది. మధ్యలో ఉన్న సన్నటి అరలోకి ఆక్సిజన్‌ను తోస్తూనో, బయటికి తోడేస్తూనో ఆ అరను ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గరే ఉంచుతుంది. అందుకు ఎంత కరెంటు పట్టిందన్నదే కొలత. అంటే ఇది ముల్లు మొగ్గు మాత్రమే కాదు, బరువు కూడా చెబుతుంది. డీజిల్ బండ్లలోనూ ఈ రకమే వాడతారు, అవి దాదాపు ఎప్పుడూ లీన్‌లోనే నడుస్తాయి కాబట్టి గెంతే సెన్సార్ అక్కడ పనికిరాదు. మీది ఈ రకమైతే వోల్టేజ్ ఊగడం కోసం చూడకండి, స్కానర్‌లో లాంబ్డా విలువ 1 దగ్గర నిలకడగా ఉందా, పైపు లాగినప్పుడు పెరిగిందా అని చూడండి.

వెనక సెన్సార్ కన్వర్టర్ తర్వాత ఉంటుంది. దాని ముఖ్యమైన పని కన్వర్టర్ మీద కాపలా. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ను దాచుకుంటూ వదులుతూ ఉంటుంది కాబట్టి, ముందు ఎంత ఊగినా వెనక వోల్టేజ్ 0.6, 0.7 దగ్గర నిదానంగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ దాచుకునే శక్తి పోయిందని అర్థం, అప్పుడు పి0420 వస్తుంది. మిక్చర్‌ను చక్కదిద్దడంలో వెనకదాని వాటా చాలా చిన్నది. పి0171కి దాన్ని మార్చమనడంలో అర్థం లేదు.

సెన్సార్లు అసలు పాడవ్వవని అనడం లేదు. హీటర్ తెగిపోవడం చాలా మామూలు, పి0135 లాంటి కోడ్ వస్తుంది. అప్పుడు కూడా ముందు ఫ్యూజు చూసి, తర్వాత కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పి హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చాలా సెన్సార్లలో ఒకే రంగులో ఉన్న రెండు వైర్లు హీటర్‌వి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే బాగున్నట్టు, అసలు కలవకపోతే తెగినట్టు. వయసు మీదపడితే సెన్సార్ మందగిస్తుంది, అప్పుడు పి0133 వస్తుంది. విషం ఎక్కి చనిపోవడమూ ఉంది. ఇంజన్ అతికించడానికి వాడే కొన్ని సిలికాన్ పేస్టుల ఆవిరి, హెడ్ గాస్కెట్ పోయి లోపల కాలే కూలెంట్, తగలబడే ఆయిల్‌లోని ఫాస్ఫరస్, ఇవి ప్లాటినం పూతను కప్పేస్తాయి. విప్పినప్పుడు కొన మీద తెల్లటి పొర కనిపిస్తే సిలికానో కూలెంటో అని అనుమానించండి. ఆ మూలం సరిచేయకుండా కొత్త సెన్సార్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. పొడి మసి మాత్రం రిచ్‌గా నడిచిందనడానికి గుర్తు. దాన్ని పెట్రోలుతోనో వైరు బ్రష్‌తోనో తోమకండి, పూత లేచిపోతుంది.

ఎప్పుడైనా సెన్సార్ విప్పాల్సి వస్తే ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి, 22 పానా సరిపోతుంది. పూర్తిగా చల్లారితే మర పట్టేసుకుంటుంది. కింద పడిన సెన్సార్‌ను వాడకండి, లోపలి పింగాణీ పగిలినా బయటికి తెలియదు. మరకు రాసే గ్రీజు కొనకు తగలనివ్వకండి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: చాలా సెన్సార్లు పోలిక కోసం కావాల్సిన బయటి గాలిని తమ వైర్ల లోపలి సందుల గుండానే పీల్చుకుంటాయి. వైరు కోసి సోల్డర్ చేస్తే, కప్లర్‌లో గ్రీజు కూరితే ఆ దారి మూసుకుపోతుంది. మీకు కొత్తది వేసినప్పుడు పాత కప్లర్ కోసి అతికించారేమో ఒకసారి చూడండి. అలా చేసి ఉంటే ముందు అది సరిచేయించండి.

కారణం దొరికి బాగుచేశాక కోడ్ చెరిపేసి లైటు ఆరింది కదా అని ఊరుకోకండి. నాలుగైదు రోజులు మామూలుగా నడిపి లాంగ్ టర్మ్ ట్రిమ్ మళ్లీ చూడండి. పాతిక దగ్గర ఉన్నది రెండు మూడు శాతానికి దిగి అక్కడే నిలబడితే పని అయినట్టే. ఇంకా పదిహేను దగ్గరే ఉంటే లైటు వెలగకపోయినా లీకు ఇంకెక్కడో మిగిలి ఉంది, దాన్ని వెతికించండి.